కళ్ళు మూసుకుని చెప్పిన మాట

ఆ శనివారం పొద్దున రత్నకుమారి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కుటుంబ ప్రార్థన చేసుకోవడం, రెండు డబ్బాలు సర్దడం, నాచారం వెళ్ళి డ్యూటీ చేసి రావడం, వస్తూ వస్తూ గోంగూర కట్టలు తేవడం, ఆదివారం మందిరానికి కట్టుకునే తెల్లచీర ఇస్త్రీ చేసుకోవడం. ఇందులో ఎక్కడా నడిరోడ్డు మీద ఏడవడం లేదు, కుక్కలు చుట్టుముట్టడం లేదు, ఒక పెద్దమనిషిని టిఫిన్ డబ్బాతో కొట్టడం అసలే లేదు. తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందంటారే, అలా జరిగింది. పైగా ఈ ఇంట్లో దైవానికి పని కూడా ఎక్కువే.

రత్నకుమారిది బాపట్ల దగ్గర పల్లెటూరు. పెళ్ళయ్యాక భర్త యేసుపాదంతో ఉప్పల్ వచ్చి, చిలకానగర్‌లో ఒక రెండు గదుల పోర్షన్‌లో కాపురం పెట్టింది. యేసుపాదం నాచారంలో లేత్ మెషీన్ మీద పనిచేసేవాడు. కూతురు కెజియా బడిలో చదువుతుండగానే కామెర్లు ముదిరి పోయాడు. ఆయన పోయాక రత్నకుమారి అదే నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో చేరింది. ఆయన వదిలి వెళ్ళినవి ఇంట్లో రెండే మిగిలాయి. ఒకటి కెజియా, రెండోది పాత స్కూటర్. స్కూటర్‌ను నీలం టార్పాలిన్ కప్పి గేటు పక్కన నిలబెట్టింది. దాన్ని ఎవరినీ తాకనిచ్చేది కాదు. డ్యూటీకి వెళ్తూ తాను మాత్రం ఆ టార్పాలిన్‌ను ఒకసారి తడిమి వెళ్ళేది.

భయం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు, యేసుపాదం పోయాక వచ్చి చేరింది. చేరిన చుట్టం మళ్ళీ కదల్లేదు. గేటు చప్పుడైతే భయం, కావలసిన వేళకు కాకపోతే ఇంకా భయం. కూతురు నవ్వితే ఎందుకు నవ్విందోనని, నవ్వకపోతే ఏమైందోనని. కెజియాకు మొన్ననే పద్దెనిమిది నిండాయి. కేకు కోసిన కత్తి కడుగుతూ, "ఇక దీని మీద ఎవరికీ అదుపు లేదు, చట్టానికి కూడా" అనుకుని రత్నకుమారి కడిగిన కత్తినే మళ్ళీ కడిగింది.

ఒంటరి తల్లి పిల్లను తిట్టడం కష్టం. తిడితే అడ్డుపడి సర్దిచెప్పే రెండో మనిషి ఉండడు. అందుకని రత్నకుమారి తిట్లన్నీ ప్రార్థనలో పెట్టేది. "ప్రభువా, కొందరు పిల్లలు తిన్న కంచం తిన్నచోటే వదిలేస్తున్నారు. వారికి జ్ఞానం దయచేయి" అని కళ్ళు మూసుకుని బతిమాలేది. చిన్నప్పుడు ఒకసారి కెజియా మధ్యలోనే, "ఆ కంచం నాది కాదు ప్రభువా" అని జవాబిచ్చింది. అప్పుడు రత్నకుమారి ఆ ఇంటికి ఒక శాసనం చేసింది. ప్రార్థనలో చెప్పింది దేవుడికి చెప్పినట్టు. దాని గురించి మధ్యలో మాట్లాడకూడదు, తర్వాత కూడా అడగకూడదు.

శాసనం బాగానే పనిచేసింది. మర్నాటికల్లా కంచం కడిగి ఉండేది. పరుపు మీద తడి తువ్వాలు ఉండొద్దని ప్రార్థిస్తే తువ్వాలు తీగ మీదికి చేరేది. మా ఇంట్లో ప్రార్థనలకు జవాబులు వెంటనే వస్తాయని రత్నకుమారి మందిరంలో సాక్ష్యం కూడా చెప్పింది. మెట్రో పనుల కోసం రోడ్డు తవ్వి, సందు మొగలో వీధి దీపాలు పీకేశాక ఆమె ప్రార్థనలో ఒక కొత్త వాక్యం చేరింది. సాయంత్రం కంపెనీ వ్యాను మెయిన్ రోడ్డు మీద దింపేసేది. అక్కణ్ణుంచి ఇంటిదాకా చీకటే, కుక్కలే. "ప్రభువా, ఆ సందులో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వస్తున్నాను. నాకు తోడుగా ఎవరినైనా పంపు" అని రోజూ అడిగేది. ఇది మాత్రం నిజంగా దేవుణ్ణే అడిగింది.

ఆ శనివారం ప్రార్థన వంతు కెజియాది. అన్నీ మామూలుగా చెప్పుకొచ్చి, చివర్లో గొంతు తగ్గించి, "ప్రభువా, ఈరోజు నేను చేయబోయే పనికి అమ్మకు కోపం రాకుండా చూడండి. నాకు ధైర్యం ఇవ్వండి. ఆమెన్" అంది. లేచి చున్నీ సర్దుకుని, "స్పెషల్ క్లాసుందమ్మా, లేటవుతుంది" అంటూ చెప్పులు వదిలేసి బూట్లు వేసుకుని వెళ్ళిపోయింది.

రత్నకుమారి కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఖాళీ చాప ఉంది. ఏం పని, ఎవరితో, ఎక్కడ అని అడగాలని నోటిదాకా వచ్చింది. శాసనం గొంతుకు అడ్డం పడింది. తాను తవ్విన గోతిలో తానే పడడమంటే ఏమిటో ఆమెకు ఆ పూట తెలిసింది.

అప్పుడు వరసగా గుర్తుకు రాసాగాయి. పోయిన వారం నుంచి పిల్ల చున్నీ మీద నల్ల జిడ్డు మరక. దగ్గరికొస్తే పెట్రోలు వాసన. పిక్క మీద కమిలిన దెబ్బ, అడిగితే "బెంచీ తగిలింది" అనే జవాబు. విడివిడిగా చూస్తే ఏమీ లేదు. కలిపి చూస్తే ఒక బండి, బండి మీద ఒక కుర్రాడు, వాడి వెనక తన కూతురు. డబ్బా సర్దుకుని, అలవాటు చొప్పున టార్పాలిన్ తడమబోయి, ఆ పూట ఆ మాత్రం ధైర్యం కూడా చాలక వడివడిగా వెళ్ళి వ్యానెక్కింది.

ప్యాకింగ్ హాల్లో మూతికి మాస్కులు కట్టుకుని పనిచేస్తారు కాబట్టి ఎవరి ముఖం ఎవరికీ సరిగా తెలియదు. కానీ శ్యామలమ్మకు కళ్ళు చూసినా చాలు. ఆమెది జనగామ దిక్కు. రత్నకుమారి పక్క బెల్టు మీదే పని, ఆదివారం మందిరంలో పక్కనే కూర్చోవడం. టీ వేళ క్యాంటీన్‌లో గ్లాసు ముందు పెట్టి కూర్చుంది.

"ఏంది రత్నక్క, గట్లున్నవ్? పానం బాగలేదా?"

"నాకేం, బానే ఉన్నాను. ఒక ప్రార్థన విన్నపం ఉంది శ్యామలా. పేర్లు అడగొద్దు."

"అడగ. జెప్పు."

"ఒక ఇంట్లో ఒక ఆడపిల్ల. తండ్రి లేని పిల్ల, పాపం. తల్లికి కోపం వచ్చే పని ఏదో చేయబోతోంది. అంతే. ఇంకేం తెలియదు."

"తెల్సినోళ్ళా?"

"తెలిసినవాళ్ళే. తల్లిది మనలాగే మందుల కంపెనీ పని." రత్నకుమారి టీ గ్లాసు పక్కకు జరిపింది. "తెలిసిందనే అనుకున్నాను ఇన్నాళ్ళూ."

శ్యామలమ్మ మాట తప్పే మనిషి కాదు. మధ్యాహ్నం అన్నాల వేళ పాస్టరుగారి భార్యకు, అంటే వాళ్ళందరూ అమ్మగారు అని పిలిచే ఆవిడకు ఫోను చేసినప్పుడు కూడా పేరు చెప్పలేదు. తనకూ తెలియదు మరి. అయితే ఏదో పని అని ఊరుకుంటే విన్నపం మరీ బోడిగా ఉందనిపించింది. వయసొచ్చిన పిల్ల తల్లికి కోపమొచ్చేలా ఏం చేస్తుంది? "లగ్గం జేసుకునేటట్టుందమ్మా. తల్లి మా నాచారం దిక్కే, మందుల కంపెనీల పనిజేస్తది" అంది.

అమ్మగారు ఆ సంగతి ఉపవాస ప్రార్థన చేసే స్త్రీలకు ఫోన్లలో చెబుతూ "తల్లికి తెలియకుండా" అని కలిపింది. తెలిసి చేసుకుంటే ఇక ప్రార్థన ఎందుకు? రామంతాపూర్ సహోదరి, పారిపోవాలంటే బస్సుండాలి కదా అని వాళ్ళను ఉప్పల్‌లో వరంగల్ బస్సెక్కించింది. మల్లాపూర్ సహోదరి "ఈ సాయంత్రమే" అని ముహూర్తం పెట్టింది. రేపైతే ప్రార్థనలో అంత పట్టు ఉండదు. ఇందులో ఒక్కరూ అబద్ధమాడలేదు. దేవుడికి వివరాలు సరిగా అందాలని తాపత్రయపడ్డారు. గోరంత మాట కొండంతై, స్నానం చేసి బొట్టు లేని నుదుటితో ముస్తాబై తిరిగి అమ్మగారి దగ్గరికే వచ్చింది. ఇన్ని నోళ్ళలో ఒకే మాట వినబడేసరికి అమ్మగారు కూడా దాన్ని నమ్మేసింది.

సాయంత్రం టీ వేళ రత్నకుమారి లాకర్ తీసి ఫోను చూసుకుంటుండగా అమ్మగారి ఫోను వచ్చింది.

"వందనాలు రత్నకుమారీ. అర్జెంటు విన్నపం. ఉన్నచోటే ఉండి ప్రార్థన చెయ్యి. తండ్రి లేని ఒక ఆడపిల్ల ఈ సాయంత్రం ఎవడితోనో వరంగల్ బస్సెక్కి వెళ్ళిపోతోంది. తల్లికి ఏమీ తెలియదట."

"అయ్యో ప్రభువా!" అంది రత్నకుమారి. అంతటి భయంలోనూ ఆమె మనసు ఆ తల్లి కోసం కరిగిపోయింది. తనదింకా అనుమానమే. ఆవిడకు పాపం నిజంగానే నెత్తిన పడింది. లాకరు తలుపుకు నుదురానించి, "ప్రభువా, ఆ అమాయకురాలి కళ్ళు తెరువు. ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోలేని ఆ తల్లిని కనికరించు" అని కన్నీళ్ళు పెట్టుకుంది.

"ఆమెన్" అంది అమ్మగారు. "ఆ తల్లి మీ నాచారంలోనే మందుల కంపెనీలో పనిచేస్తుందట. నీకెవరైనా తెలుసా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు రత్నకుమారి ముందు తన ఐడీ కార్డు తడుముకుంది. తర్వాత ఒక్కొక్కటే కలిసి వచ్చాయి. తండ్రి లేని పిల్ల. నాచారం. మందుల కంపెనీ. ఈ సాయంత్రం. "స్పెషల్ క్లాసుందమ్మా, లేటవుతుంది."

"ఇది మీకెవరు చెప్పారమ్మగారూ?"

"పేరు చెప్పకూడదు. కానీ ఆ ఇంటి సంగతి బాగా తెలిసినవాళ్ళ దగ్గర్నుంచే వచ్చిందట."

రత్నకుమారి లాకర్‌లోంచి డబ్బా సంచీ లాగింది. ఊరందరికీ తెలుసు. బస్సు కూడా తెలుసు. కన్నతల్లికి మాత్రం తెలియదు. పొద్దున తన చేత్తో తానే విత్తిన గింజ ఇదని ఆమెకు తోచనే లేదు. భయపడ్డవాడికి లెక్క కుదరదు. "అమ్మగారూ, ఆ తల్లిని నేనే" అని ఫోనులో బావురుమంది. అవతల అమ్మగారు, "అయితే విన్నపం నిజమేనన్నమాట!" అంది.

సూపర్‌వైజర్‌ను అడిగి, డబ్బా సంచీ పట్టుకుని ఆటోలో ఇల్లు చేరింది. దారంతా కెజియాకు ఫోను చేస్తూనే ఉంది. స్విచ్ఛాఫ్. ఆ ఫోను కెజియా ఎప్పుడూ ఆపదు. నిద్రలో కూడా ఆపదు. ఆపిందంటే ఎవరో ఆపించారు. రత్నకుమారి ఆటోలో చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

ఇంటికి తాళం. మెట్ల మీద ఓనరు వెంకటనర్సమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"పిన్నీ, మా కెజియా వచ్చిందా?"

"రాలే బిడ్డా. జర సేపైతుంది, సందు మొగల సూసిన. స్కూటర్ మీద పోతున్నరు ఇద్దరు. హెల్మెట్లు వెట్టుకున్నరు, మొఖాలు కనవడలే. సున్నీ మాత్రం నీ బిడ్డదే, ఆ పచ్చది."

"ఇద్దరా? రెండోది ఎవరు?"

"మొగమనిషే. గట్టిగ వట్టుకున్నరు ఒకరినొకరు. మస్తు ఇస్పీడు." వెంకటనర్సమ్మ ఒక కాయ తుంచి, "గిప్పటి పిల్లలు" అని కలిపింది.

ఏ కష్టం వచ్చినా రత్నకుమారి ఆనుకునే చోటు ఒకటే. గేటు పక్కకు వెళ్ళి, "ఏమండీ, మన పిల్ల" అంటూ నీలం టార్పాలిన్ మీద వాలింది. టార్పాలిన్ ఆమెతో పాటే లోపలికి కూలింది. లోపల స్కూటర్ లేదు. బోర్లించిన నీళ్ళ డ్రమ్ము, దాని మీద విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, హ్యాండిల్ ఉండాల్సిన చోట అడ్డంగా కట్టిన చీపురు ఉన్నాయి.

"అయ్యో, బండి కూడా ఎత్తుకుపోయాడే!" అని రత్నకుమారి పెట్టిన కేకకు వెంకటనర్సమ్మ ఒళ్ళో చిక్కుడుకాయలన్నీ మెట్ల మీద పడ్డాయి. పిల్లను తీసుకుపోయినవాడు స్కూటర్‌ను కూడా వదల్లేదు. అదీ ఎంత పకడ్బందీగా! ఎన్నాళ్ళుగా తాను రోజూ చీపురును తడిమి డ్యూటీకి వెళ్తోందో ఆ దేవుడికే తెలియాలి.

మందిరం వ్యాను వచ్చేసింది. పాస్టరు ప్రభుదాసుగారు దిగారు, వెనక అమ్మగారు, ఆ వెనక డ్యూటీ దిగి నేరుగా వచ్చిన శ్యామలమ్మ, ఇంకొందరు స్త్రీలు. ప్రభుదాసుగారు నెమ్మది మనిషి. అయినా ఇంతమంది ఆడవాళ్ళు ఏడుస్తుంటే నెమ్మది ఎక్కడ నిలుస్తుంది? యౌవనస్థులను బైకుల మీద ఉప్పల్ రింగు రోడ్డుకు పంపారు. వాళ్ళు వరంగల్ బస్సులో పచ్చచున్నీ కనబడగానే ఒక కొత్త జంటను కిందికి దింపారు. ఆ జంట అత్తగారింటికి వెళ్తోందని, పెళ్ళై వారమే అయిందని, పెళ్ళికొడుకు తండ్రి వెనక సీట్లోనే ఉన్నాడని తెలిశాక, క్షమాపణ చెప్పి, దీవించి, మళ్ళీ ఎక్కించారు.

ఆ సంగతి ఫోనులో విన్నాక ప్రభుదాసుగారు, "మనం పోలీసుల దగ్గరికి వెళ్ళాలేమో సహోదరీ" అన్నారు. ఆ మాటతో రత్నకుమారి ఏడుపు ఆగిపోయింది. ఏడుపు కంటే పెద్ద భయం వచ్చినప్పుడు అలాగే అవుతుంది.

శ్యామలమ్మ దగ్గరికొచ్చి చేయి పట్టుకుంది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. "రత్నక్కా, పొద్దుగాల నువ్వు జెప్పింది నీ బిడ్డ సంగతేనా? ఎవరో అనుకున్న గదక్కా. నాకు నేనే లగ్గమని కలిపిన. తప్పైపోయింది."

ఆ మాట అప్పుడు చెవిన పడ్డది గాని తలకెక్కలేదు. స్కూటర్ లేదు, పిల్ల లేదు, ఫోను లేదు. లగ్గం కాకపోతే ఇంకేదో అయి ఉండాలి. ఆ ఇంకేదో ఇంకా ఘోరంగా తోచింది. లోకం ఏమంటుందని కాదు ఆమె భయం. పొద్దున లేచి తాను ప్రార్థన చేస్తే ఆమెన్ అనే రెండో గొంతు ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. అది లేకపోతే ఇక ఎవరి కోసం కళ్ళు మూసుకోవాలి, ఎవరి కోసం తెరవాలి? కూర్చోలేకపోయింది. అమ్మగారు వద్దంటున్నా డబ్బా సంచీ చేతిలో ఉండగానే గేటు తీసుకుని సందులోకి నడిచింది.

పొద్దుగూకింది. సందు మొగలో తవ్విన మట్టి కుప్పలు, రేకుల అడ్డు, దీపాల్లేని స్తంభాలు. రోజూ ఈ దారిన వచ్చేటప్పుడు గోడకు ఒరుసుకుంటూ, కుక్కల వైపు దొంగచూపులు చూస్తూ నడిచేది. ఇవాళ నడిమధ్య నుంచి నడిచింది. కుక్కలకు ఈ మార్పు నచ్చలేదు. ఒకటి గుర్రుమంది, రెండోది లేచింది, మట్టి కుప్పల వెనక నుంచి తక్కినవి వచ్చి చుట్టూ నిలబడ్డాయి. రత్నకుమారి సంచీని గుండెకు హత్తుకుని, "ప్రభువా, రోజూ అడుగుతున్నాను. ఇవాళైనా ఎవరినైనా పంపు!" అని అరిచింది.

అప్పుడే మలుపులో ఒక దీపం వెలిగింది. దానితోపాటే ఒక చప్పుడు. ఆ చప్పుడు రత్నకుమారికి తెలుసు. యేసుపాదం డ్యూటీ నుంచి వస్తుంటే పొయ్యి మీద గిన్నె దించకుండానే గుర్తుపట్టేది. ఆ ఫటఫటలకు కుక్కలు తోకలు ముడిచి మట్టి కుప్పల వెనక్కి పోయాయి. స్కూటర్ వంకర్లు తిరుగుతూ వచ్చి ఆమె ముందు ఆగింది. దాని మీద రెండు హెల్మెట్లు. పచ్చచున్నీ. వెనక మగమనిషి.

ముందు ఎవరు కూర్చున్నారు, వెనక ఎవరు కూర్చున్నారు అని చూసే తీరిక ఆమెకు లేదు. "నా పిల్లను వదులు!" అంటూ స్టీలు డబ్బా ఉన్న సంచీని గిరగిరా తిప్పి ఆ మగ హెల్మెట్ మీద ఒక్కటి వేసింది. రెండోది భుజం మీద పడింది.

"చెల్లె! చెల్లె! కొట్టకు! నేను పోశయ్యను!"

హెల్మెట్ తీస్తే నెరిసిన జుట్టు, దాని కింద పోశయ్య. యేసుపాదం పక్క మెషీన్ మీదే పనిచేసి, తర్వాత నాచారంలో సొంతంగా మెకానిక్ షెడ్డు పెట్టుకున్నవాడు. యేసుపాదం పోయిననాడు గేటు దగ్గర నిలబడి తెల్లవార్లూ ఏడ్చినవాడు.

"అమ్మా!" కెజియా బండి మీంచి దిగలేదు, దూకింది. ఆ పిల్ల కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. "నీకేమైందమ్మా? మెయిన్ రోడ్డు మీద నీ వ్యాను కోసం నిలబడ్డాను. అందరూ దిగారు, నువ్వు దిగలేదు. నువ్వు ఏడ్చుకుంటూ వెళ్ళిపోయావన్నారు. నీకేదో అయిపోయిందని ఎంత భయపడ్డానో తెలుసా? కంపెనీ దాకా వెళ్ళొచ్చాం."

"నీ ఫోనేమైందే?"

"బండి నడిపేటప్పుడు వద్దని, ఇద్దరి ఫోన్లు బందు పెట్టి షెడ్డుల ఉంచుదమని నేనే జెప్పిన చెల్లె" అన్నాడు పోశయ్య భుజం రుద్దుకుంటూ. "లైసెన్స్ కాయితం గూడ తీసుకుంది. గింత మంచిగ నేర్సుకుంది, గేరొక్కటి జర గట్టిగ ఏస్తది. మొదటి దినం నిన్ను ఎక్కించుకొని ఇంటికి తేవాల్నని షోకు. ఒక్కదాన్నే పంపుడెట్ల అని ఎనక కూసున్న."

రత్నకుమారి ఆ స్కూటర్ వైపు, కూతురి వైపు మార్చి మార్చి చూసింది. జిడ్డు మరక, పెట్రోలు వాసన, కిక్కు రాడ్ తగిలి కమిలిన పిక్క, బూట్లు, టార్పాలిన్ కింద చీపురు. అన్నీ చోటుకు చేరుకున్నాయి. "ఎవరడిగారే నిన్ను ఈ పని చేయమని?"

"నువ్వే కదా."

"నేనా? ఎప్పుడు?"

"రోజూ. సాయంత్రం ప్రార్థనలో. తోడుగా ఎవరినైనా పంపు ప్రభువా అని."

"అది నేను దేవుణ్ణి అడిగానే!"

"కంచం సంగతి కూడా దేవుణ్ణే అడిగావు. కడిగిందెవరు?"

పోశయ్య హెల్మెట్ మళ్ళీ పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా వచ్చిన జవాబులన్నీ వరసగా రత్నకుమారి కళ్ళ ముందు నిలబడ్డాయి. కడిగిన కంచాలు, ఆరేసిన తువ్వాళ్ళు, మడత పెట్టిన దుప్పట్లు. సాక్ష్యం చెప్పింది దేవుడి గురించి, చాకిరీ చేసింది ఈ పిల్ల.

"మరి నాతో చెప్పొచ్చు కదే?"

"చెప్తే నాన్న బండి ముట్టుకోనిస్తావా? ప్రార్థనలో చెప్పాను కదా. నువ్వెందుకు అడగలేదు?"

"ప్రార్థనలో చెప్పింది అడగకూడదు కదా" అంది రత్నకుమారి. అంటూనే, ఆ మాట ఎంత తెలివితక్కువగా ఉందో ఆమెకే వినబడింది. కూతుర్ని దగ్గరికి లాక్కుంది. చున్నీ నిండా జిడ్డు, తెల్లారితే ఉతకాలి. అయినా వదల్లేదు.

ఇంతలో సందులోంచి ప్రభుదాసుగారు, అమ్మగారు, స్త్రీలు, వెనక బైకుల మీద యౌవనస్థులు పరుగున వచ్చారు. పోశయ్యను చూసి శ్యామలమ్మ, "గీనేనా పెండ్లికొడుకు?" అంది. పోశయ్యకు అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది. తర్వాత కొట్టిన దెబ్బల కంటే ఆ మాటకే ఎక్కువ బాధపడ్డాడు. "నాకు మనవరాలున్నది తల్లి" అన్నాడు. ప్రభుదాసుగారు అందరినీ ఒకసారి చూసి, ఏదైనా వాక్యం చెబుదామనుకుని, ఏదీ సరిగ్గా అతకక, "ఇంటికి వెళ్దాం పదండి" అన్నారు. రత్నకుమారి స్కూటర్ వెనక ఎక్కింది. భయమేసింది. గట్టిగా పట్టుకుంది. గేరు నిజంగానే గట్టిగా వేసింది పిల్ల.

ఇల్లు చేరి, పోశయ్య భుజానికి వేడి కాపడం పెట్టి, తిండి పెట్టి పంపించాక తల్లీకూతుళ్ళు చాప పరచుకుని ప్రార్థనకు కూర్చున్నారు. రత్నకుమారి కళ్ళు మూసుకుని, "ప్రభువా, కొందరు పిల్లలు గేర్లు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. కళ్ళు తెరిచింది. ఎదురుగా కెజియా కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి.

"గేరు మెల్లగా వెయ్యి" అంది రత్నకుమారి నేరుగా. "ఇంకోటి. ఇవాళ నాకు చాలా భయమేసిందే. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో ఆమెన్ అనేవాళ్ళెవరు?"

"నాకూ భయమేసిందమ్మా." కెజియా తల్లి చేయి పట్టుకుంది. "ఇకనుంచి ఏదైనా ఉంటే నన్నే అడుగు. నేనూ నిన్నే అడుగుతా. దేవుడికి వేరే పనులుంటాయి."

ఆ పూట వాళ్ళ ప్రార్థన చాలా పొట్టిగా అయిపోయింది. మాట్లాడుకోవడం మాత్రం అవలేదు. యేసుపాదం బండి నడపడం నేర్చుకునేటప్పుడు ఎక్కడ పడ్డాడో, ఎవరి గోడకు గుద్దాడో కెజియా మొదటిసారి విన్నది.

మర్నాడు మందిరంలో సాక్ష్యాల వేళ రామంతాపూర్ సహోదరి లేచింది. నిన్న జరిగినదాంట్లో ఆమె దాకా చేరింది పిల్ల క్షేమంగా ఇల్లు చేరిందన్న ముక్క ఒక్కటే. "పేరు చెప్పను గాని, నిన్న సాయంత్రం వరంగల్ బస్సెక్కబోతున్న ఒక ఆడబిడ్డను మన ప్రార్థనలే వెనక్కి తీసుకొచ్చాయి" అని కళ్ళు తుడుచుకుంది. ప్రభుదాసుగారు నేల చూపులు చూశారు. శ్యామలమ్మ చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. రత్నకుమారి ఇస్త్రీ లేని తెల్లచీరలో తల వంచుకుని కూర్చుంది.

అసలెవరూ తలపెట్టనే లేని పెళ్ళి ఆగిపోయినందుకు మందిరమంతా స్తోత్రం చెప్పింది; అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది మాత్రం పెళ్ళికూతురే.